ముందు ఫోన్ చెయ్యండి, సిగ్గు తర్వాత పడదాం

(స్వర్ణోత్సవ సభలో 1974 బ్యాచ్ పూర్వ విద్యార్థి, విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్ళు నాకిచ్చిన అంశం "ఆన్‌లైన్ మోసాలు, మన జాగ్రత్తలు". టైము ఇరవై నిమిషాలు. రిటైరైన బ్యాంకు మేనేజరు కదా, నాలుగు జాగ్రత్తలు చెప్పి దిగిపోతాడని అనుకుని ఉంటారు. సర్వీసులో ఉండగా ఇలాంటి ఉపన్యాసాలు చాలా ఇచ్చాను. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని బ్రాంచి గోడకు అంటించిన కాగితం కింద సంతకం నాదే. అందుకని అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కిందటేడాది నవంబరులో నా అకౌంట్లోంచి రూ.2,87,000 పోయాయి. తలుపు పగలగొట్టి ఎవరూ రాలేదు. తాళం చెవి నేనే తీసి ఇచ్చాను.

నవ్వండి, ఫర్వాలేదు. నేనూ ఇప్పుడిప్పుడే నవ్వగలుగుతున్నాను.

నవంబరు అంటే మాలాంటి బ్యాంకు పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ నెల. బతికే ఉన్నామని ఏటా రుజువు చూపించాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేసో, ఫోన్లో ముఖం చూపించో ఇంటి నుంచే ఇవ్వొచ్చు. ఆ ఏడు మా ఆవిడ మోకాలి ఆపరేషన్ హడావుడిలో నేనింకా ఇవ్వలేదు. ఒకరోజు ఉదయం పదిన్నరకు ఫోన్ వచ్చింది. అచ్చ తెలుగు. "నమస్కారం సార్, పెన్షన్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం. మీ లైఫ్ సర్టిఫికెట్ ఇంకా రాలేదు. ఈ నెల పెన్షన్ హోల్డులో పడుతుంది" అన్నాడు కుర్రాడు. నాకు కొంచెం అనుమానం వచ్చినమాట నిజమే. వాడు అది కనిపెట్టినట్టు నా పీపీఓ నంబరు చదివాడు. రిటైరైన తేదీ చెప్పాడు. చివరగా పనిచేసిన బ్రాంచి పేరు కూడా చెప్పాడు. అక్కడితో నా అనుమానం చచ్చిపోయింది.

ఆ వివరాలు వాడికెలా దొరికాయో ఇప్పటికీ నాకు తెలియదు. ఇప్పుడు తెలిసిందల్లా ఒకటే. మన వివరాలు చెప్పినవాడు మనవాడని అర్థం కాదు. పుట్టిన తేదీ, ఆధార్ చివరి అంకెలు, ఇంటి అడ్రసు, ఇవన్నీ ఈ రోజుల్లో అంగట్లో కొనుక్కోగలిగిన సరుకు.

"బ్యాంకుకు రానక్కర్లేదు సార్, వాట్సాప్‌లో చిన్న ఫైలు పంపిస్తున్నాను, నొక్కండి చాలు" అన్నాడు. వచ్చింది. బ్యాంకు బొమ్మ ఉంది. పేరు చివర ఏపీకే అని మూడక్షరాలున్నాయి. అంటే అది కాగితం కాదు, ఒక యాప్. ప్లే స్టోర్ బయట నుంచి దొడ్డిదారిన ఫోన్లోకి దిగే యాప్. నొక్కగానే నా ఫోనే నన్ను హెచ్చరించింది, ఇది తెలియని చోటి నుంచి వచ్చింది, ప్రమాదం కావచ్చు అని. వాడు అప్పటికే చెప్పి ఉంచాడు. "ఒక మెసేజ్ వస్తుంది సార్, పాత ఫోన్లకి అలాగే వస్తుంది, అలౌ కొట్టండి." కొట్టాను. మెసేజీలు చదవడానికి అనుమతి అడిగింది. ఇచ్చాను. ధ్రువీకరణ ఫీజు పది రూపాయలు కట్టడానికి కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు అడిగింది. కొట్టాను. ఓటీపీ మాత్రం నేను ఎవరికీ చెప్పలేదండోయ్! చెప్పాల్సిన అవసరమే లేదు. ఆ యాప్ నా ఫోన్‌కి వచ్చే ప్రతి మెసేజీనీ నాకంటే ముందు చదివి వాడికి చేరవేస్తోంది. డబ్బు తీసినట్టు బ్యాంకు పంపిన మెసేజీలు నా కంట పడలేదు.

రూ.99,000 ఒకసారి, రూ.99,000 ఇంకోసారి, రూ.89,000 మూడోసారి. పన్నెండూ పది ప్రాంతంలో పాలబ్బాయికి నెల డబ్బు ఫోన్‌పే కొడదామని చూస్తే బ్యాలెన్స్ చాలదంది.

ఇక్కడి నుంచి చెప్పేదే నేను ఇవాళ మీకు చెప్పదలుచుకున్న మాట. దీనికి ముందుదంతా ఎవరికైనా జరిగేదే.

నాకు 1930 నంబరు తెలుసు. సైబర్ మోసంలో డబ్బు పోతే దేశంలో ఎక్కడి నుంచైనా చెయ్యాల్సిన నంబరు అదే. అలాంటి నంబరు ఒకటుందని క్లబ్బులో నేనే పదిమందికి చెప్పాను. అయినా ఆ మధ్యాహ్నం నేను ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. ముప్పైఆరేళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి. పోలీసులకు ఏమని చెప్పను? నా కింద పనిచేసిన కుర్రాళ్ళు ఇప్పుడు మేనేజర్లు, వాళ్ళకు ఏం ముఖం చూపించను? మా ఆవిడ భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాను. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగు గంటలు అలా గడిపాను. నాలుగున్నరకు మా బెంచీమేటు, ఎరువుల దుకాణం వాడు, వేరే పని మీద ఇంటికొచ్చాడు. నా ముఖం చూసి గుచ్చి గుచ్చి అడిగాడు. చెప్పాను. వాడు అన్నాడు కదా, "ఒరేయ్, సిగ్గు తర్వాత పడదువు గానీ, ముందు ఫోన్ కొట్టు."

కొట్టాను. అవతల అడిగినవి చెప్పాను. ఏ బ్యాంకు, ఏ అకౌంటు, ఎంత, ఎన్నింటికి, లావాదేవీ నంబర్లేమిటి. అయిదు నిమిషాల పని. ఆ ఫిర్యాదు వెంటనే డబ్బు వెళ్ళిన బ్యాంకుకు చేరుతుంది. అక్కడ ఇంకా డబ్బుంటే వాళ్ళు ఆపేస్తారు. అప్పటికే వేరే అకౌంటుకు వెళ్ళిపోయి ఉంటే ఫిర్యాదు దాని వెంట ఆ బ్యాంకుకు వెళుతుంది. దొంగ ఒక అడుగు ముందు, ఫిర్యాదు ఒక అడుగు వెనక. ఆ పరుగులో నిమిషాలే లెక్క.

తర్వాత స్టేషన్లో స్టేట్‌మెంటు చూపించారు. నా డబ్బులో పెద్ద భాగం మధ్యాహ్నం రెండు దాకా మొదటి అకౌంట్లోనే కదలకుండా ఉంది. ఆ సమయంలో నేను పెరట్లో బాదం చెట్టు కింద కూర్చుని సిగ్గుపడుతున్నాను. చివరికి ఆగింది రూ.41,500. కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని అది వెనక్కి తీసుకునేసరికి ఏడు నెలలు పట్టింది. మిగతాది నా సిగ్గు ఖరీదు అని రాసుకున్నాను.

ఆ మొదటి అకౌంటు ఎవరిదో తెలుసా? డిగ్రీ చదివే ఒక పిల్లవాడిది. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము వారం రోజులకు ఇస్తే అయిదు వేలు ఇస్తామన్నారట, ఇచ్చాడు. వాడు కేసులో ఉన్నాడు. వాడి తండ్రి స్టేషన్ వరండాలో నా చేతులు పట్టుకున్నాడు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఇప్పుడు మన బడిలో పనిచేస్తున్న ఉపాధ్యాయులకు నా విన్నపం, పై తరగతుల పిల్లలకు ఈ సంగతి ఒక్క పీరియడు చెప్పండి. అకౌంటు అద్దెకిచ్చినవాడు కూడా దొంగతో పాటే బోనులో నిలబడతాడని వాళ్ళకు ఎవరూ చెప్పట్లేదు.

బ్యాంకు డబ్బు ఇవ్వదా అని అడిగారు చాలామంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ను నేనే కస్టమర్లకు చదివి వినిపించేవాణ్ణి. తప్పు బ్యాంకుది కాకుండా, మనదీ కాకుండా మధ్యలో మరెక్కడో జరిగి, మూడు పనిదినాల్లోపు చెబితే మనకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే కొంత మనం భరించాలి. కానీ వివరాలు మనమే ఇచ్చుకున్నప్పుడు, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా మనదే. చెప్పిన తర్వాత పోతే మాత్రం బ్యాంకుది. అందుకని 1930తో పాటు బ్యాంకుకు కూడా ఆ నిమిషమే చెప్పాలి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. నాది రెండో రకం కేసు. రూలు కంఠతా వచ్చినవాడికి ఆ రూలు కిందే సున్నా మార్కులొచ్చాయి.

పదిహేను రోజులు పోయాక ధైర్యం తెచ్చుకుని మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను. గ్రూపులో అయ్యో పాపం అని దణ్ణం బొమ్మలు వచ్చాయి, అది మామూలే. కానీ ఆ రాత్రి నాకు విడిగా ఆరుగురు రాశారు. "నాకూ జరిగింది, ఇంట్లో తెలియదు." ఎరువుల దుకాణం వాడు కూడా అందులో ఉన్నాడు! నన్ను లేపి ఫోన్ చేయించినవాడు తన రూ.60,000 పోయినప్పుడు ఎవరికీ చెప్పలేదట. ఆ ఆరుగురిలో ఒకరు మన మాస్టారు. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. మీరు వెతక్కండి కూడా.

మాస్టారికి వీడియో కాల్ వచ్చింది. పోలీసు దుస్తుల్లో ఒకడు, వెనక ఆఫీసు, గోడ మీద జెండా. మీ పేరుతో వెళుతున్న పార్సిల్లో మత్తుమందు దొరికింది, మీ ఆధార్‌తో అకౌంటు తెరిచి అక్రమ డబ్బు తిప్పారు, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేస్తున్నాం అన్నాడు. కెమెరా ముందు నుంచి కదలకూడదు, ఎవరికీ చెప్పకూడదు, చెబితే వాళ్ళనీ లోపల వేస్తాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ ఫోను ముందు మాస్టారు ఒక రాత్రంతా కుర్చీలో కూర్చున్నారు. బాత్రూముకు వెళ్ళడానికి కూడా అనుమతి అడిగారు. పొద్దున్నే డిపాజిట్లు రద్దు చేయించడానికి బ్యాంకుకు వెళ్ళారు. కౌంటర్లో అమ్మాయి ఎందుకు సార్ అంటే, వాళ్ళు నేర్పినట్టే స్థలం కొంటున్నాను అన్నారు. ఆ అమ్మాయికి ఆయన చేతులు వణకడం కనిపించింది. ఏదో ఫారం దొరకట్లేదని కాలయాపన చేసి, నామినీగా ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది. డబ్బు దక్కింది. మాస్టారు మూడు నెలలు ఇల్లు కదల్లేదు.

డిజిటల్ అరెస్టు అనేది మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో కూడా ఈ మాట చెప్పారు. పోలీసులు వీడియో కాల్లో అరెస్టు చేయరు, డబ్బు పరిశీలనకు పంపమని అడగరు. కానీ మాస్టారికి ఇది తెలియక కాదు. ఆయన రోజూ పేపరు మొత్తం చదువుతారు.

నేను చాలా ఆలోచించాను. మోసపోయేది ఆశపోతులని మనకొక అభిప్రాయం. ఒకప్పుడు అది కొంతవరకు నిజం. ఈ-మెయిళ్ళు కొత్తగా వచ్చినప్పుడు నైజీరియా నుంచి ఉత్తరాలు వచ్చేవి, చనిపోయిన మంత్రి గారి కోట్ల డాలర్లు మీ అకౌంట్లో వేస్తాం, ముందు ఖర్చులకు కొంత పంపండి అని. ఆ దేశపు శిక్షాస్మృతిలో ఉన్న సెక్షను పేరు మీద దానికి 419 మోసం అనే పేరు స్థిరపడిపోయింది. అది ఆశకు వేసిన గాలం. ఇప్పటి గాలం వేరు. నేను రూపాయి ఆశపడలేదు, మాస్టారూ ఆశపడలేదు. మేమిద్దరం మాట విన్నాం. అంతే. మన తరాన్ని అలా పెంచారు. హెడ్మాస్టరు గది ముందు నుంచి వెళితే చెప్పులు చప్పుడు కాకుండా నడిచాం. అధికారి గొంతు వినపడగానే లేచి నిలబడి సార్ అనడం మన ఎముకల్లో ఉంది. ఆ మర్యాద మీదే వాళ్ళు వ్యాపారం చేస్తున్నారు. కాబట్టి మాస్టారూ, మీరు నేర్పిన క్రమశిక్షణకు చిన్న సవరణ అడుగుతున్నాను. ఫోన్లో ఎవరు ఏ హోదా చెప్పినా, కట్ చేయడం అమర్యాద కాదు. కట్ చేసి, కార్డు వెనకో పాస్‌బుక్కు మీదో ఉన్న నంబరుకు మనమే చేద్దాం. గూగుల్లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరు వద్దు, అక్కడ కూడా వాళ్ళే కూర్చుని ఉంటారు.

ఇక ఈ-మెయిల్ సంగతి. దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్ళనక్కర్లేదు, ఈ సభ ఏర్పాట్లలోనే జరిగింది. రెండు నెలల కిందట మన ట్రెజరర్ చెల్లెమ్మకు ప్రెసిడెంటు గారి పేరుతో మెయిల్ వచ్చింది. షామియానా వాళ్ళ అకౌంటు మారింది, అడ్వాన్సు రూ.85,000 ఈ కొత్త అకౌంటుకు వెంటనే పంపండి, నేను మీటింగులో ఉన్నాను, ఫోన్ చేయవద్దు. పేరు ఆయనదే, ఫొటో ఆయనదే. చెల్లెమ్మకు ఎక్కడ అనుమానం వచ్చిందంటే, అందులో ఇంగ్లీషు మరీ చక్కగా ఉందట. మన ప్రెసిడెంటు గారు జన్మలో మెయిల్ రాయరు, వాయిస్ మెసేజీ పెడతారు. ఆమె ఫోన్ చేసింది. ఆయన పొలంలో ఉన్నారు.

ఆ మెయిల్లో కనపడే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. అక్కడ చూడాల్సింది ఎట్ గుర్తు తర్వాత ఉన్న భాగం, అందులోనూ చివరి భాగం. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది. ఇంటర్నెట్ చిరునామాకు ఇంటిపేరు చివరుంటుంది, తిరకాసు అక్కడే. ముందు మీ బ్యాంకు పేరు, చుక్క, తర్వాత ఇంకేదో పేరు, చుక్క, కామ్ అని ఉంటే అది ఆ ఇంకేదో ఇంటివాడిది, బ్యాంకుది కాదు. లింకులకూ ఇదే లెక్క, మొదట్లో ఉండే జంట గీతలు వదిలేసి, వాటి తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దాకా చదివి అక్కడి నుంచి వెనక్కి రండి. రిజర్వు బ్యాంకు ఇప్పుడు మన బ్యాంకుల వెబ్‌సైట్లన్నిటికీ ఒకే ఇంటిపేరు పెట్టించింది, డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని. 2025 అక్టోబరు ఆఖరుకు మారాలని గడువిచ్చింది. ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థే, ఊరూపేరూ లేనివాడికి ఇవ్వరు. బ్యాంకు సైటు చివర ఆ మాటలు లేకపోతే పాస్‌వర్డు కొట్టకండి. అలాగే బ్యాంకులు చేసే సర్వీసు ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి మేనేజరునంటూ మాట్లాడేవాడితో మీకు పనిలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను, వంటవాళ్ళు అటు నుంచి చూస్తున్నారు. యూపీఐ పిన్ను డబ్బు ఇవ్వడానికే, తీసుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదు. పాత మంచం అమ్ముతుంటే కొనేవాడు క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చెయ్యమన్నాడంటే వాడు కొనేవాడు కాదు. పెళ్ళి శుభలేఖ అయినా, ట్రాఫిక్ చలానా అయినా, ఏపీకే అని వస్తే నొక్కకండి, పంపింది మీ తోడల్లుడైనా సరే. ఆయన ఫోన్ అప్పటికే వాళ్ళ చేతిలో ఉండొచ్చు. నేను ఇప్పుడు ఫోన్‌కి ముడిపెట్టిన అకౌంట్లో నెల ఖర్చుకు సరిపడా ఉంచుతున్నాను. డిపాజిట్లు ఇంకో బ్యాంకులో, నెట్ బ్యాంకింగ్ లేకుండా ఉన్నాయి. బస్సెక్కి వెళ్ళి సంతకం పెడితేనే కదులుతాయి. పాతకాలం పద్ధతి అని మా అబ్బాయి నవ్వుతాడు. నవ్వనివ్వండి. కార్డుకు ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం ఆపేసే మీట బ్యాంకు యాప్‌లోనే ఉంటుంది, నా కార్డుకు అన్నీ ఆపి ఉన్నాయి.

గొంతులు కూడా నకలు చేస్తున్నారు. మన గ్రూపులో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నాను, అర్జెంటుగా ఇరవై వేలు అని రాస్తే, ఫోన్ చేసినా అదే గొంతు వినిపిస్తే, బడిలో నీకు మాస్టారు పెట్టిన పేరేమిట్రా అని అడగండి. మా బ్యాచ్‌లో ఆ పేర్లు కాగితం మీద పెట్టే రకం కావు కాబట్టి భద్రంగానే ఉన్నాయి.

చివరగా ఈ సంచిక గురించి. కమిటీలో నాకూ సంపాదకులకూ గొడవ జరిగింది, మీకు తెలియాలి. రజతోత్సవ సంచికలో చేసినట్టే ఈసారి కూడా అందరి ఫొటో, పుట్టిన తేదీ, ఉద్యోగం, అడ్రసు, ఫోన్ నంబరు, పిల్లలు ఏ దేశంలో ఉన్నారో అన్నీ వేద్దామని వాళ్ళ కోరిక. పీడీఎఫ్ చేసి అందరికీ పంపాలని కూడా. ఇంతకంటే మంచి పుస్తకం దొంగకు ఎవరు అచ్చేసి ఇస్తారు? పిల్లలు విదేశాల్లో, ముసలివాళ్ళిద్దరే ఇంట్లో, రిటైరైన తేదీతో సహా! రెండు మీటింగులు పట్టింది. చివరికి పేరు, బ్యాచ్, ఊరు మాత్రమే వేశారు. ఫోన్ నంబర్ల పుస్తకం సెక్రటరీ గారి దగ్గర ఉంటుంది, కావలసినవాళ్ళు అడిగి తీసుకోవచ్చు. మీ నంబరు ఎందుకు లేదని కమిటీని తిట్టదలిస్తే నన్ను తిట్టండి.

భోజనాలయ్యాక ఎనిమిదో తరగతి గదిలో మన 2015 బ్యాచ్ పిల్లలు ముగ్గురు కూర్చుంటారు. మీ ఫోన్లో అక్కర్లేని యాప్‌లున్నాయేమో, మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో సంచార్ సాథీలో చూసి పెడతారు, 1930 నంబరు మీ ఫోన్లో సేవ్ చేసి ఇస్తారు. ముందు మాస్టార్లకు, తర్వాత మనకు. పని అయ్యేదాకా ఫోన్ మీ చేతిలోనే ఉంచుకోండి. వాళ్ళు మీ పిన్ను అడగరు. అడిగితే నాకు చెప్పండి, బెంచీ ఎక్కిస్తాను.